చాటెడు తవుడు

నీలవ్వ ముత్తెన్న పెండ్లాం లసుమవ్వను తిన్నది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పిల్లకు అమ్మవారు పోసింది. లసుమవ్వ పక్కన కూర్చొని వేపమండతో విసిరింది. పిల్ల లేచి తిరిగింది, లసుమవ్వ పడుకొని మళ్ళీ లేవలేదు. పిల్ల ముఖం మీద నాలుగు మచ్చలు మిగిలాయి, ముత్తెన్న ఇంట్లో పొయ్యి చల్లారింది. ఆర్మూరులో ఎవరినడిగినా ఇదే చెబుతారని అతని నమ్మకం. అతను మాత్రం ఎవరినీ అడగలేదు.

ఆ పొద్దున బర్రెకు కుడితి కలపడానికి తవుడు గంపలో చెయ్యి పెట్టాడు. మళ్ళీ తగ్గింది. రాత్రి తను చేత్తో చదును చేసి, పైన వేలితో గీత గీసి పెట్టాడు. ఆ గీత లేదు.

"నీలా!"

పిల్ల వాకిట్లో పేడ ఎత్తుతున్నది. చేతులు కడుక్కోకుండానే వచ్చి నిలబడింది. ఎనిమిదేండ్లుంటాయి. లసుమవ్వ పాత చీర చింపి కుట్టిన లంగా మోకాళ్ళ దాకా పొట్టయింది.

"తవుడు ఎవలు తీసిన్రు?"

పిల్ల పేడ చేతులు లంగాకు తుడుచుకుంది.

"ఎవలకమ్ముతున్నవే? పుట్నాలు కొనుక్కుంటున్నవా?"

"అమ్ముతలేను బాపు."

"మరి బర్రె తాడు తెంపుకొని నడింట్లకొచ్చి తిని, మళ్ళ పొయ్యి కట్టేసుకున్నదా?"

పిల్ల కాలి బొటనవేలితో నేలను రాసింది. పోయిన నెల ఇదే దొంగతనానికి అతను కొట్టాడు. ఏడవలేదు, ఎందుకు తీసిందో చెప్పలేదు. ఆ మొండితనం చూసిన రోజే అతను తేల్చుకున్నాడు. మెండోర ఊరి నుంచి తను బస్తాలు మోసే గంజ్‌కు పసుపు తెచ్చిన బండివాళ్ళతో గంగన్నకు కబురు పంపాడు. వచ్చి పిల్లను తీసుకొని పొమ్మన్నాడు.

"మూట కట్టుకో. ఇయ్యాల మీ అయ్య వస్తున్నడు."

పిల్ల వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరితోనో అంటున్నాడేమోనని.

"ఏ అయ్య?"

"గంగన్న. నిన్ను కన్నోడు."

"అంటే చిన్నబాపా?" అంది పిల్ల. పోయి మిగిలిన పేడ ఎత్తింది.

గోడ అవతలి నుంచి పోచవ్వ తల లేచింది. ఆ వాడలో సగం మందికి బొడ్డు కోసిన ముసలమ్మ.

"ఏం రా ముత్తెన్నా, పిల్లను ఎల్లగొడుతున్నవంట?"

"నీ చెవులు మా ఇంట్లనే ఉంటయా అత్తా?"

"పండ్లు వోయినయి గని చెవులు ఇంక పోలే. ఇను. పిల్లను కొన్న తవుడు నువ్వు వాపసు చేతబట్టినవనుకో, గా పిల్ల మళ్ళ లింగవ్వ బిడ్డయితది. లింగవ్వ కడుపున పుట్టిన ఆడిపిల్లలు ఏమైన్రో యాదికున్నదా?"

"గవన్నీ ముచ్చట్లు. తర్వాత ఇద్దరు పోరగాండ్లు మంచిగనే బతికిన్రు గదా."

"గీ పిల్లను ఇచ్చినంకనే బతికిన్రు" అని పోచవ్వ తల దించేసుకుంది.

ముత్తెన్న తువ్వాల భుజాన వేసుకొని గంజ్‌కు బయల్దేరాడు. ఆ మాట మాత్రం వెంటే వచ్చింది.

లింగవ్వ లసుమవ్వకు సొంత చెల్లెలు. ఆమెకు వరసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టి, పురుడు తీరకముందే పోయారు. నాలుగోసారి నీలవ్వ పుట్టింది. పోచవ్వే చెప్పింది: పసిగుడ్డును చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టండి, వేరే ఆడది చాటెడు తవుడిచ్చి కొనుక్కోవాలి, అప్పుడు చావుకు అది ఎవరి బిడ్డో ఆనవాలు దొరకదు అని. ఊళ్ళో చాలామంది చేసేదే. కొన్నామె పేరుకే కొంటుంది, పిల్ల కన్నతల్లి దగ్గరే పెరుగుతుంది. లసుమవ్వకు పిల్లలు లేరు. చాట చేతికి రాగానే ఆమె మళ్ళీ దించలేదు. పాలు మరిచేదాకా చెల్లెలి ఇంట్లో ఉండి, ఆ తర్వాత పిల్లను చంకనేసుకొని ఆర్మూరు వచ్చింది. లింగవ్వ భయంతో అడ్డు చెప్పలేదు. పేరుకు కొన్న పిల్ల నిజంగానే వీళ్ళదైంది.

ఆ రోజు గంజ్ నిండా బండ్లే. ఎక్కడ చూసినా పసుపు కుప్పలు, హమాలీల కనురెప్పల మీద కూడా పసుపు దుమ్ము. బాల్కొండ దిక్కు నుంచి ఒక్కో బండి వచ్చినప్పుడల్లా ముత్తెన్న తల తిప్పి చూశాడు. గంగన్న రాకపోతే? ఇంకో రోజు ఆ మచ్చల ముఖం చూడాలి. వస్తే? వీపున ఎత్తుకున్న బస్తా జారి కింద పడి పగిలింది. కొమ్ములన్నీ కాళ్ళ కింద పరుచుకున్నాయి.

"మనసు ఏడ పెట్టినవ్ ముత్తెన్నా?" అని సావుకారు అరిచాడు.

కొమ్ములు ఏరుతుంటే లసుమవ్వ మాట గుర్తొచ్చింది. పిల్లకు అమ్మ పోసినప్పుడు అతను గడపలో నిలబడి చెప్పాడు: "దూరముండవే. మన పేగు గాదు, మన పాలు గాదు. పోచవ్వను చూడమందాం, ఆమెకు ఎప్పుడో పోసిపోయింది, ఇంక అంటదు." లసుమవ్వ వేపమండ ఆపకుండానే అంది: "కొన్నప్పుడు బేరమాడలే. గిప్పుడు ఆడుతనా?" ఆ మాటకు అతను ఇప్పటికీ ఆమెను క్షమించలేదు. పోయినామెను తిట్టలేడు కనుక, ఉన్న పిల్ల మీద ఆ కోపమంతా పెట్టాడు.

మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చేసరికి వాళ్ళు వాకిట్లో కూర్చున్నారు. గంగన్న లేచి నిలబడ్డాడు. లింగవ్వ లేవలేదు. ఆమె ఒడిలో బట్టతో కట్టిన మూట ఉంది.

"రాం రాం అన్నా" అన్నాడు గంగన్న. "పోచంపాడు కాడ కట్ట పని మొదలైంది. ఇద్దరం మట్టి మోస్తున్నం. ఇంట్ల పోరగాండ్లను చూసుకునేటందుకు ఎవలు లేరు. నువ్వు కబురు పంపుడు మా మంచికే అయింది."

"తవుడు తెచ్చినరా?"

"తెచ్చినం." గంగన్న మూట వైపు చూశాడు. "మన వరి తవుడే. జల్లెడ పట్టినం."

"బావా" అంది లింగవ్వ. "పోచవ్వ చెప్పిన మాట నాకు నిద్ర పట్టనిస్తలేదు. నీ తానే ఉండనియ్యరాదా? పండుగకో పబ్బానికో బట్టలు తెస్తం."

"బట్టలు! మీ బిడ్డ ధర ఎంతయిందో ఎరుకేనా నీకు? మీ అక్కనే కట్టిన నేను."

"నేనడిగిన్నా బావా గంత ధర?" లింగవ్వ మొదటిసారి తలెత్తింది. "మా అక్క ఇచ్చుకున్నది. నువ్వు నా బిడ్డ మీద వసూలు చేస్తున్నవు. మొఖం చూడు దానిది. నవ్వుడు మర్చిపోయింది."

గంగన్న ఆమె భుజం తట్టాడు. "లొల్లి వద్దు. పొద్దువోతది. కానియ్యి అన్నా."

గోడ అవతల పోచవ్వ తల మళ్ళీ లేచింది.

ముత్తెన్న లోపలికి పోయి గోడకు తగిలించిన చాట తీశాడు. లసుమవ్వ అలికిన చాట. అంచులో వెదురు బద్ద ఊడితే ఆమె చీర పేలికతో కట్టుకుంది, ఆ ముడి ఇంకా ఉంది. కొన్నవాళ్ళు గడపలో నిలబడి చాట పట్టాలి. కన్నవాళ్ళు అందులో తవుడు పోయాలి. పట్టినవాడు "నా తవుడు నాకు ముట్టింది" అనాలి. అంతటితో తెగిపోతుంది. అతను గడపలో నిలబడ్డాడు. చాటను రెండు చేతులతో ముందుకు చాచాడు. గంజ్‌లో బస్తాలెత్తే చేతులు.

"నీలా, రా. మూట తెచ్చుకో" అని గంగన్న పిలిచాడు.

పిల్ల ఇంటి వెనక నుంచి వచ్చింది. ఒక చంకలో బట్టల మూట, ఇంకో చంకలో గుడ్డ కట్టిన మట్టి గురిగి. వచ్చి లింగవ్వ ముందు నిలబడి అడిగింది.

"చిన్నమ్మా, మెండోరల తవుడు దొరుకుతదా?"

గంగన్న నవ్వాడు. "ఎందుకు బిడ్డా? నువ్వు తింటవా?"

ముత్తెన్న చూపు గురిగి మీద పడింది. చాట కింద పెట్టి, ఒక్క అంగలో వచ్చి గురిగి లాక్కున్నాడు. గుడ్డ విప్పాడు. లోపల తవుడు. పైన వేపాకు పరిచి ఉంది. ఆకు తీస్తే తవుడంతా ఉండలు కట్టి, సన్నటి బూజు తీగలతో, పురుగు మెసులుతున్నది.

"చూసిన్రా?" అతని గొంతు వాడంతా వినిపించింది. "దొంగది! బర్రె నోటికాడి తవుడు. గిందుల పురుగు పట్టేదాక దాచింది. ఇదీ మీ బిడ్డ!"

"నేను దొంగతనం చెయ్యలే బాపు." పిల్ల గురిగి కోసం చెయ్యి చాచింది. "జమ చేస్తున్న. పిడికెడు పిడికెడు. చాట నిండాలె గదా. నిండకముందే పురుగు పడుతది. పారవోసి మళ్ళ జమ చేస్తున్న. వేపాకు పెడితే పురుగు రాదని అవ్వ చెప్పేది, గయినా వస్తున్నది."

"ఎవలకోసం జమ?"

పిల్ల అందరి ముఖాలూ చూసింది. ఇంత సులువైన సంగతి వీళ్ళకెందుకు తెలియదో దానికి అర్థం కాలేదు.

"అవ్వ కోసం. నేను సావకుండ అవ్వ నన్ను చాటెడు తవుడుకు కొన్నది గదా. చాట నిండినంక పోచవ్వకు చెప్పి అవ్వను కొనుక్కుందామని." ముత్తెన్న వైపు తిరిగింది. "పెద్దమనిషికి ఎక్కువ పడుతదా బాపు? అవ్వకు ఎన్ని చాటలైతయి?"

లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ మీద పోచవ్వ ముఖం కనిపించలేదు. ముక్కు చీదిన చప్పుడు మాత్రం వచ్చింది.

ముత్తెన్న గురిగి పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. కొట్టిన రోజు పిల్ల ఎందుకు నోరు విప్పలేదో ఇప్పుడు తెలిసింది. లసుమవ్వ తిరిగొస్తుందని ఎదురుచూసింది ఆ ఇంట్లో తనొక్కడే అనుకున్నాడు. తను ఊరికే ఎదురుచూశాడు. పిల్ల ధర కూడబెట్టింది.

అతను గురిగి జాగ్రత్తగా కింద పెట్టాడు. లింగవ్వ ఒడిలోని మూట తీసుకున్నాడు. గంగన్న ఆత్రంగా చాట అందుకొని అతని ముందు పట్టాడు.

"చాటల పోయాలె అన్నా."

ముత్తెన్న చాట వైపు చూడలేదు. మూట పట్టుకొని కొట్టం దాకా నడిచి, ముడి విప్పి, జల్లెడ పట్టిన ఆ తవుడంతా బర్రె కుడితి తొట్టిలో గుమ్మరించాడు. బర్రె తల ముంచింది.

"గదేంది అన్నా! తవుడు ముట్టిందన్నట్టా, లేదన్నట్టా?"

"బర్రెకు ముట్టింది" అన్నాడు ముత్తెన్న. "నాకు ముట్టలే. నేను చెయ్యి పెట్టలే. పిల్ల నాది."

"మరి కబురెందుకు పంపినవ్? ఒక దినం కూలి వోయింది మాకు."

"బువ్వ తిని పోండ్రి."

లింగవ్వ గంగన్న చెయ్యి పట్టి గుంజింది. ఆమె ఏడుస్తూనే నవ్వింది, లేచి పొయ్యి దగ్గరికి పోయింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆడమనిషి పొయ్యి ఊదిన చప్పుడు వినిపించింది.

పిల్ల ఇంకా వాకిట్లోనే ఉంది. జవాబు కోసం నిలబడింది.

"ఎన్ని చాటలైతయి బాపు?"

ముత్తెన్న దాని ముందు కూర్చున్నాడు. మచ్చల ముఖాన్ని ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. పసుపు అంటిన బొటనవేలితో ఒక మచ్చ మీద రాశాడు, చెరిగిపోతుందేమోనన్నట్టు. అది చెరగలేదు. పసుపు మాత్రం అంటుకుంది.

"ఆమెను అమ్మరు బిడ్డా" అన్నాడు. "ఎంతిచ్చినా అమ్మరు."

పిల్ల గురిగి వైపు చూసింది. కొట్టినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. అతను తువ్వాలతో దాని ముఖం తుడిచి, అదే తువ్వాలలో తన ముఖం దాచుకున్నాడు.

గంగన్నవాళ్ళు వెళ్ళిపోయాక పోచవ్వ గోడ మీద మోచేతులు పెట్టింది.

"ముత్తెన్నా, ఇంతకు గప్పుడు లసుమవ్వ నీతోని ఏమన్నది రా? చావుకు ముందు..."

"అత్తా." అతను ఆమె వైపు తిరగలేదు. చాటను మళ్ళీ గోడకు తగిలిస్తున్నాడు. "గంజ్‌ల బేరం తెగినంక మళ్ళ ఎవడు ధర మాట్లాడడు. నువ్వు గూడ మాట్లాడకు. నా ఇంట్ల గీ ముచ్చట ఇంక ఎత్తొద్దు. పిల్ల ముందట అసలే ఎత్తొద్దు."

పోచవ్వ తర్వాత ఎన్నోసార్లు కదిలించి చూసింది. లింగవ్వ ఒకసారి కాళ్ళ మీద పడి దండం పెడదామని వచ్చింది. నీలవ్వ పెళ్ళినాడు పందిట్లో ఎవరో ఆ తవుడు సంగతి మొదలుపెట్టారు. ముత్తెన్న లేచి కొట్టంలోకి పోయి, వాళ్ళు ఊరుకునేదాకా బర్రె దగ్గరే నిలబడ్డాడు. ఆ సంగతి మీద అతని నోటి నుంచి మళ్ళీ ఒక్క మాట రాలేదు.