వీడియో కాల్‌కి ముందు

"ముందు మీరు ఊపిరి తీసుకోండి," అంది నర్సు ఫోన్లోంచి. "పది లెక్కపెట్టేదాకా బిగబట్టాల్సింది పాప. మీరు కాదు!"

వడ్రంగి నాలుక్కరుచుకుని గాలి వదిలాడు. పక్కనున్న ఏడేళ్ల మేనకోడలు ఇన్‌హేలర్ తీసేసి కిలకిలా నవ్వింది. అక్క సాయంత్రం డ్యూటీకి వెళితే పిల్ల బాధ్యత అతనిదే. ఆస్తమా ఉన్న పిల్లల్ని ఆస్పత్రివాళ్లు రోజూ ఇలా వీడియోలోనే చూస్తున్నారు.

ఆ తర్వాత నర్సు మాటలాపి, పాప గొంతు కింది గుంటనే చూస్తూ నిమిషంపాటు ఊపిరులు లెక్కపెట్టింది. ఆ నిమిషం అతనికెప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది. ఎక్కడో కూర్చున్న మనిషికి ఇంత చిన్న ఛాతీలో గాలి కదలడం ఎలా తెలుస్తుంది? పక్కనే ఉండి ఇన్నాళ్లూ తనెందుకు చూడలేదు?

"పొద్దున ఊపిరి బలం కొలిచే మీటరు ఊదితే నూట డెబ్బై, సాయంత్రానికి నూట ముప్పైకి పడిపోతోంది. వారం నుంచీ ఇదే వరస," అందామె దిగులుగా. "రేపూ ఇంతే అయితే ఆస్పత్రిలో చేర్చమన్నారు డాక్టరుగారు. రంపప్పొట్టు ఇంట్లోకి వస్తోందా?"

"లేదండీ, ఒట్టు! స్నానం చేసి, బట్టలు మార్చుకునే కూర్చుంటాను."

"కాల్‌కి ముందు ఇంకేం చేస్తారు?"

"ఏం లేదండీ."

"సెంటు కొట్టుకుంటాడు!" అంది పాప. "మెడమీద, చొక్కామీద, మళ్లీ మెడమీద. వారం కిందటే కొత్త సీసా కొన్నాడు. నాకు దగ్గొస్తుంది."

నర్సు కళ్లింతలు చేసుకుంది. "వీడియో కాల్‌కి... సెంటా?"

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. సిగ్గు సంగతి తర్వాత, పిల్ల ఊపిరికి అడ్డం పడింది తనేనా! పరుగున వెళ్లి సీసా బయట పారేసి, మళ్లీ స్నానం చేసి, చొక్కా మార్చి, కిటికీలన్నీ బార్లా తెరిచి వచ్చాడు.

"తప్పయిపోయిందండీ. మీరు కనిపిస్తారన్న సంబరంలో, వాసన ఫోన్లో రాదని తట్టనేలేదు."

ఆమె తల తిప్పుకుంది.

మర్నాడు సాయంత్రం పాప బుగ్గలు పూరించి మీటరు ఊదింది. నూట డెబ్బై అయిదు! ఆ అంకె చూసి అతనికి కళ్లనీళ్లొచ్చాయి. ఒక్క చూపుతో, నాలుగు ప్రశ్నలతో ఈమె పిల్లకి గాలి తెచ్చిచ్చింది. దండం పెట్టబోయాడు.

"ఆగండి, నాదీ ఓ తప్పుంది," అంది నర్సు, ఎర్రబడ్డ మొహంతో. "వారం నుంచీ కొత్త చెప్పులు వేసుకుని మరీ మీకు కాల్ చేస్తున్నాను. కాళ్లు వీడియోలో కనబడవని నాకూ తట్టలేదు. ఆదివారం మీ ఇంటికొస్తే చూస్తారా?"

అతను కొయ్యబారిపోయాడు.

"మామయ్యా," అంది పాప, మోచేత్తో పొడుస్తూ, "ఊపిరి తీసుకో!"