ముడి విప్పని కేకు

విల్లీ గారని ఒక డచ్ ముసలావిడ నడిపే బేకరీలో అద్దాల ఫ్రిజ్ చల్లబడటం మానేసిందని ఫోనొస్తే వెళ్ళాను. లోపలి ట్రేలు తీస్తే గానీ వెనక మోటారు కనపడదు. మొదటి ట్రేని కొంచెం వంచానో లేదో, వెనక నుంచి ఇంగ్లీషులో ఒక అరుపు.

"హలో! ఫ్లాట్‌గా పట్టుకో! అది టూల్‌బాక్స్ కాదు, టోంపూస్!"

"ఏం గొంతురా నాయనా," అనుకున్నాను. లోపల అనుకున్నది పైకే వచ్చినట్టుంది.

"గొంతు నాదే. తెలుగులో తిట్టుకుంటే నాకు తెలీదనుకున్నారా?"

తిరిగి చూశాను. ముక్కు మీద పిండి. ఏప్రాన్ మీద గులాబీ రంగు మరక. చేతిలో చెక్క గరిటె, నన్ను కొట్టేదానికే ఎత్తినట్టు.

నేను మళ్ళీ ట్రే వైపు చూశాను. అదే క్షేమం. వరసగా కేకు ముక్కలు. కింద ఒక పిండి రేకు, పైన ఒక పిండి రేకు, పొరలు పొరలుగా. మధ్యలో బొటనవేలంత మందాన కస్టర్డ్. నెత్తిన గులాబీ రంగు చక్కెర పూత.

"దీన్ని ఎట్ల తింటారు?" అన్నాను.

"ఏంటి?"

"కొరికితే మధ్యలోది పక్కలకు వచ్చేస్తుంది కదా మేడమ్."

గరిటె కిందికి దిగింది. "ఇక్కడికొచ్చే మనవాళ్ళందరూ ఎగ్‌లెస్ ఉందా అనే అడుగుతారు. ఈ క్వశ్చన్ అడిగింది మీరొక్కరే. నిజం చెప్పనా? డచ్ వాళ్ళకే తెలీదు. కొందరు పై రేకు తీసి కింద పెట్టుకుంటారు. కొందరు పక్కకి పడుకోబెట్టి ఫోర్కుతో పొడుస్తారు. మా విల్లీ అయితే కళ్ళు మూసుకుని కొరికేస్తుంది. మూతికి మీసాలొస్తాయి."

లోపల్నుంచి ఆ ముసలావిడ నవ్వింది. తన పేరు తప్ప ఇంకేమీ అర్థం కాకపోయినా నవ్వింది.

ఆ అమ్మాయి బిందుమాధవి. చిన్నప్పుడే గుంటూరు నుంచి కాన్‌బెర్రా వచ్చేసిన కుటుంబం. వారమంతా గవర్నమెంటు ఆఫీసులో పని, శనివారం మాత్రం ఇక్కడ పిండి పిసకడం నేర్చుకుంటుంది.

ఫ్రిజ్ ఆ రోజే బాగయింది. నేనే బాగవలేదు.

తర్వాతి శనివారం మళ్ళీ వెళ్ళాను. ఆ తర్వాతా వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఒక కొత్త తిండి, దాని మీద ఒక ప్రశ్న.

ఒకసారి గుంతల పెనం మీద పోఫర్చెస్ పోస్తోంది. చిన్న చిన్న గుండ్రటి డచ్ అట్లు. పుల్లతో టకటకా తిప్పేస్తోంది.

"మా కదిరిలో పొంగనాల పెనం అచ్చం ఇట్లే ఉంటుంది. మా అమ్మ చెంచాతో తిప్పుతుంది. మీరు పుల్లతో ఎందుకు?"

"చెంచాతో అయితే చుట్టూ ఉన్న గీత చెడుతుంది. చూడండి, బెల్టు పెట్టుకున్నట్టు ఉంటుంది." వాటి మీద వెన్నముక్క వేసి, చక్కెర పొడి జల్లి నా ముందు పెట్టింది. "ఉల్లిపాయ లేదని మాత్రం అనకండి. ప్రతి రాయలసీమ కస్టమరూ అదే అంటాడు."

అనబోయిన మాట మింగేశాను.

ఇంకోసారి రస్కుల మీద చక్కెర పూత పూసిన సోంపు చల్లుతోంది. ఎవరింట్లోనో బిడ్డ పుడితే పంచడానికి ఆర్డరట.

"సోంపే ఎందుకు?"

"బాలింతకి పాలు పడతాయని..." అని ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "మీకు ప్రశ్నలు తప్ప మాటలు రావా యోగానంద్ గారూ?"

"వస్తాయి."

"ఎప్పుడు?"

బయట వాన మొదలైంది. నేను వాన వైపు చూశాను. ఆమె నా వైపు చూస్తోందని అద్దంలో కనపడుతూనే ఉంది.

ఆ రోజే గోడకున్న చెక్క అచ్చు కంటపడింది. ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతులు, పైన ఒక గుండె చెక్కి ఉన్నాయి. విల్లీ గారినే అడిగాను. ఆవిడ చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుని చెప్పారు.

"హైలిక్‌మాకర్. పెళ్ళి కుదిర్చే కేకు. మా అమ్మమ్మ కాలంలో మా ఊళ్ళో, కుర్రాడికి మాట పెగలకపోతే ఈ కేకు గుడ్డలో కట్టి పిల్ల ఇంట్లో ఇచ్చొచ్చేవాడు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళేవాడు. కేకు కోసి ఒక ముక్క చేతిలో పెడితే సరేనన్నట్టు. కట్టిన ముడి కట్టినట్టే తిరిగొస్తే, ఇక వెళ్ళకూడదు."

మాట పెగలనివాడి కోసం ఒక కేకుందని నాకు అంతవరకూ తెలియదు.

"దాంట్లో గుడ్డు వేస్తారా?" అన్నాను. కార్తీకంలో వాళ్ళమ్మ ఇంట్లోకి గుడ్డు రానివ్వదని బిందు అంతకుముందే చెప్పింది.

"తేనె, రై గింజల పిండి, అల్లం, లవంగం. గుడ్డు అక్కర్లేదు."

"అయితే ఒకటి చేసివ్వండి."

"ఎవరికి?"

పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడ్డ బిందు, లోపల పెట్టిన ట్రేని బయటికి తీసి, మళ్ళీ లోపలే పెట్టింది.

ఆదివారం హారిసన్ పేటలో వాళ్ళింటికి వెళ్ళాను. కేకు నీలం గళ్ళ గుడ్డలో కట్టి ఉంది. ముడి విల్లీ గారు వేసిందే. తలుపు తీసింది వాళ్ళమ్మ జ్ఞానప్రసూన గారు.

"బిందు జిమ్‌కి వెళ్ళింది బాబూ. మీరు?"

"ఫ్రిజ్ రిపేరు యోగానంద్, ఆంటీ. ఇది బిందుమాధవి గారికి. కేకు."

"అయ్యో, ఇవన్నీ ఎందుకు బాబూ," అంటూ అందుకున్నారు. కేకు అన్న మాట వినగానే దాన్ని ఒంటికి కొంచెం దూరంగా పట్టుకున్నారు. అది చూశాను. చూసి కూడా నోరు విప్పకుండా వచ్చేశాను.

గురువారం సాయంత్రం పని నుంచి వచ్చేసరికి అలివేలు ఆంటీ పెరట్లో నిలబడి ఉన్నారు. ఆవిడ ఇంటి వెనక గదిలోనే నా కాపురం.

"యోగానంద్, ఇదుగో. ఎవరో ఇచ్చారు. మీ అంకుల్‌కి షుగరు కదా, నువ్వు తినెయ్."

నీలం గళ్ళ గుడ్డ. అదే ముడి.

ఎవరిచ్చారని నేను అడగలేదు. దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, ఆ రాత్రికి అన్నం వండుకోలేదు.

శనివారం బేకరీకి పోలేదు. మధ్యాహ్నం దాటాక గట్టి వాన పట్టుకుంది. ఎవరో తలుపు బాదారు. తీస్తే బిందు. ఏప్రాన్‌తోనే వచ్చేసింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"కేకేది?"

"మీరు వద్దన్నారని..."

"నేనా? నేనెక్కడ చూశాను దాన్ని! మీరు తెస్తారని వారమంతా చూస్తున్నా. ఇవాళ విల్లీ 'కోశారా?' అని అడిగితే, కేకే రాలేదన్నా! ఆదివారమే పట్టుకెళ్ళాడంది. ఇంటికెళ్ళి అమ్మని అడిగితే, గుడ్డుంటుందని అలివేలు ఆంటీకిచ్చేశానంది. ఆంటీనడిగితే మా టెనెంట్‌కిచ్చానంది. మన వాళ్ళిళ్ళలో స్వీట్ బాక్సు ఎవరైనా విప్పుతారా? దీపావళి సోన్‌పాపిడి ఇంకా హారిసన్ అంతా తిరుగుతూనే ఉంది!"

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"బ్రెడ్డు మీద, బటర్ మీద, సోంపు మీద ఇన్ని అడిగారు. ఇది ఎందుకు తిరిగొచ్చిందని ఒక్క మాట అడగలేకపోయారా? నేనేమైపోవాలి?"

ఫ్రిజ్ మీది కేకు దించి, విప్పని ముడి ఆమెకు చూపించాను.

"ఇప్పుడు అడగచ్చా?" అన్నాను.

"అడగండి."

"నన్ను చేసుకుంటావా బిందూ?"

ఇంత సూటిగా వస్తుందని ఆమే కాదు, నేనూ అనుకోలేదు. ఆమె ఏప్రాన్‌తో మొహం తుడుచుకుంది. మొహం నిండా పిండి అయింది.

"జవాబు ఇక్కడ చెప్పకూడదు. మా ఇంట్లో కొయ్యాలి. రూల్ ఈజ్ రూల్. గొడుగుందా?"

ఉన్నది ఒక్కటే గొడుగు. కేకుని మధ్యలో పెట్టుకుని నడిచాం. అది తప్ప ఇద్దరం తడిశాం.

జ్ఞానప్రసూన గారు తలుపు తీసి ముందు గుడ్డను చూశారు. "ఓరి దేవుడా, మళ్ళీ ఇదే వచ్చిందా!"

"దీంట్లో గుడ్డు లేదు ఆంటీ. కార్తీకమని అడిగే చేయించాను."

ఆవిడ నా వైపు నిదానంగా చూశారు. "ఆ ముక్క ఆ రోజే చెప్పచ్చుగా బాబూ!"

"ఆయన చెప్పరమ్మా. అడగాలి," అంది బిందు.

ముడి విప్పారు. అల్లం, తేనె వాసన ఇల్లంతా పరుచుకుంది. ఆవిడ చాకు తెచ్చి, కేకు మీది అచ్చు చూసి ఆగారు. "ఈ చేతులేంటే? ఈ గుండేంటి?"

బిందు తల్లి చెవిలో చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది. నేను నా తడి చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"అంటే ఇప్పుడు నేను కోస్తే..."

"అవునమ్మా."

ఆవిడ కూతురి మొహం చూశారు. ఆ పిండి, ఆ తడి, ఆ కళ్ళు. తర్వాత నా వైపు తిరిగి, "మీది ఏ ఊరన్నావు నాయనా?" అన్నారు.

"కదిరి దగ్గర పల్లె, ఆంటీ."

చాకు కేకు పక్కనే జాగ్రత్తగా పెట్టి, లోపలి గదిలో టీవీ ముందున్న భర్తను కేకేశారు.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి, కేకు కొయ్యాలి. ఆ బనీనుతో వచ్చేయకండి. చొక్కా వేసుకుని రండి."