పైఅంచుకే జిగురు

“మధ్యాహ్నం ఢంకా మోగేలోపు ఆ ముసలాయన చస్తే, మన రాజ్యమూ చచ్చినట్టే,” అన్నాడు దళపతి షాంగ్.

పీకింగ్ చేతికొచ్చి ముప్పై రోజులైంది. తిరగబడ్డ రైతుబిడ్డ చక్రవర్తి అయ్యాడు గానీ, తూర్పు కనుమ తాళాలు ఇంకా పాత రాజుల సేనాని దోవ్ దగ్గరే ఉన్నాయి. కనుమ అవతల మంచూ సైన్యం కాచుకుని ఉంది. ఆ ముసలాయన, దోవ్ తండ్రి, మాత్రం నగరంలో, కొత్త ప్రభువు కాపలాలో ఉన్నాడు.

“దోవ్ దూత ఇవాళ మధ్యాహ్నం ఢంకాకే వస్తున్నాడు. తండ్రి క్షేమాన్ని కళ్ళారా చూస్తే తాళాలు మనకే. మంచూ గూఢచారులు ముందే విషం పెట్టాలని చూస్తున్నారు. అడ్డుకో.”

గూఢచారిణి యావ్ తలూపింది. కొత్త రాజ్యంలో పన్నులుండవని ఒకప్పుడు ఊరూరా చాటింది ఆమే. ఆ మాట నమ్మి సైన్యంలో చేరిన ఒక్కగానొక్క కొడుకు ఇప్పుడు కనుమ ఎదుట, ముందువరసలో ఉన్నాడు.

సూదులమ్మే బుట్ట భుజానికి తగిలించుకుని బయల్దేరింది. దుమ్ముగాలి కళ్ళు తెరవనివ్వడం లేదు. ప్రతి తలుపు మీదా పసుపు కాగితం: ‘కొత్త ప్రభువుకు విధేయులం’. సోయాజున్ను అమ్మే సాంగ్ తన తలుపుకి అప్పుడే అంటిస్తున్నాడు.

“పైఅంచుకే జిగురు రాస్తావేం తమ్ముడూ?”

“పిండి ప్రియమక్కా!”

దోవ్ ఇంటి వంటశాల గుమ్మంలో పాటగత్తె లియెన్ కూర్చుని ఉంది. ఆమె అందానికి ఇటు కొత్త రాజ్యమూ, అటు మంచూలూ జీతమిస్తున్నారు.

“ఎర్రదారం ఉందా?” సంకేతపదం అడిగింది లియెన్.

“వానలో తడిసింది.”

లియెన్ చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వులోనే ఆమె కళ్ళు ఒక్క క్షణం పెరట్లోకి వెళ్ళి తప్పుకున్నాయి. అక్కడ వంటవాడు గంజిగిన్నె పట్టుకుని ముసలాయన గది వైపు నడుస్తున్నాడు.

యావ్ పరుగెత్తింది. బుట్టలోంచి వెండిసూది తీసి గంజిలో ముంచింది. సూది నల్లబడింది. ఒక్క తన్నుతో గిన్నె ముక్కలైంది. వంటవాణ్ణి కాపలావాళ్ళు పట్టుకున్నారు. అదే క్షణంలో ఢంకా మోగింది.

‘గెలిచాం’ అనుకుంది యావ్.

గదిలోంచి కేక వినిపించింది. తలుపు తోసింది. ముసలాయన చీలమండలు రెండు చెక్కల మధ్య ఉన్నాయి. తమ సైన్యపు సుబేదారు కాంగే తాడు బిగిస్తున్నాడు.

“వెండి ఎక్కడ దాచావురా ముసలోడా?”

“కాంగ్! మతిపోయిందా? ఆయన్ని కాపాడమన్నారు!”

“ప్రాణం తియ్యలేదుగా! జీతాల్లేక కుర్రాళ్ళు నన్ను పీక్కుతింటున్నారు. పన్నులొద్దని చాటింది నువ్వే కదా పిన్నీ? మరి నేనెక్కణ్ణుంచి తేను?”

యావ్ వంగి తాడు ముడి పట్టుకుంది.

వెనక అడుగుల చప్పుడు. గుమ్మంలో దోవ్ దూత నిలబడి ఉన్నాడు. ముసలాయన కాళ్ళు చూశాడు. కళ్ళారా చూశాడు. వెనుదిరిగి వెళ్ళి గుర్రమెక్కాడు.

“పాపం, మంచి గిన్నె పగలగొట్టావక్కా,” అంది లియెన్, కొంగు దులుపుకుంటూ. “ఈ పనికి మీవాళ్ళే ఉన్నారని తెలిస్తే మేం విషం దండగ చేసేవాళ్ళమే కాదు.”

పదో రోజుకల్లా దోవ్ కనుమను మంచూలకు తెరిచాడు. ముందువరసలో ఒక్కడూ మిగల్లేదు. బతికిన సైన్యం దోచినది మూటగట్టుకుని పడమటి దారి పట్టింది.

యావ్ మాత్రం తూర్పు ద్వారం దగ్గర నిలబడి, తిరిగొచ్చే ప్రతివాణ్ణీ కొడుకు పేరు చెప్పి అడిగింది. ఎవరూ ఆగలేదు. చివరికి సందులోకి మళ్ళింది.

సాంగ్ తన తలుపు మీది కాగితాన్ని లాగుతున్నాడు. ఒక్క లాగుకే ఊడొచ్చింది.

“పిండి ప్రియమన్నావుగా?” అడిగింది యావ్.

“కాగితమూ ప్రియమే అక్కా,” అన్నాడు సాంగ్, దాన్ని చిరక్కుండా తిరగేస్తూ. “వెనకవైపు ఇంకా ఖాళీగానే ఉంది.”