ఒక్క గడి జరిగిన బంటు

కంఠతా వచ్చినంత మాత్రాన అర్థమైనట్టేనా? ఏజెంట్ జయానందానికి ఈ సందేహం చిన్ననాటిది. మెదక్ సండే స్కూల్లో కీర్తనలు గడగడా అప్పజెప్పేవాడు. ఒక్క మాట తప్పేది కాదు. కానీ మధ్యలోంచి ఏ వచనం అడిగినా మళ్లీ మొదటి నుంచి అందుకోవలసిందే. దేవుడు నాలుకను వింటాడా, దాని వెనక ఉన్నదాన్ని వింటాడా? ఎవరినీ అడగలేదు. నలభై ఏళ్లు వచ్చాయి, ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు, ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు డిపార్ట్‌మెంట్ అతనిచేత ఒక చదరంగం ఆటను కంఠతా పట్టించింది.

"నూట ఇరవై ఏండ్ల కింద లండన్ల ఆడిన ఆట," అన్నాడు చీఫ్ ఇంద్రకరణ్, హైదరాబాద్ ఆఫీసులో బ్రీఫింగ్ ఇస్తూ. "తెల్లపావులు ఆడినాయన రెండేనుగులను, ఒక శకటును, ఆఖరికి మంత్రిని గూడ ఇచ్చేసి గెల్చిండు. ముఠాకు గదే కోడ్. అమ్మేటోళ్లు తెల్లపావులు, కొనేటోడు నల్లపావులు. ప్రతి ఎత్తు పుస్తకంల ఉన్నట్టే పడాలె."

"అంటే నేను ఓడిపోవాలె."

"అచ్చం ఆయన ఓడినట్టే ఓడాలె."

అమ్ముడవుతున్నది మన రాడార్ డ్రాయింగుల మైక్రోఫిల్మ్. కొనడానికి వస్తున్న విదేశీ ముఠా కొరియర్ నాంపల్లి స్టేషన్లో పట్టుబడ్డాడు. అతని బదులు తోళ్ల వ్యాపారి వేషంలో జయానందం వెళ్లాలి. తెల్లపావులు ఆడేది లలిత. అమ్మే ముఠా మనిషిగా నటిస్తున్న మన డబుల్ ఏజెంట్.

"ఆమె మీద వాళ్లకు ఇప్పటికే షక్ ఉన్నది," అన్నాడు చీఫ్. "నువ్వు నకిలీ అని తేలితే మొదటి తూటా లలితకే. ఫిల్మ్ ఆఖరి ఎత్తు వేసే తెల్ల శకటు కడుపుల ఉంటది. ఆ ఫిల్మ్ నీ చేతికొచ్చేదాంక మనోళ్లు కిందనే ఉంటరు."

"నడుమ ఏమన్న తేడా వస్తే?"

చీఫ్ ఫైలు మూశాడు. "ఏం చేస్తవ్? ఓడుకుంట కూసో."

ఆదివారం పొద్దున మెదక్ బస్టాండు వెనక ఒక కిరాయి ఇంటి మేడగదిలో బల్ల వేశారు. లలిత నీలం పట్టుచీరలో, నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసి కూర్చుంది. పక్కన ముఠా కాపలాదారు రాజేందర్. మెదక్ పక్కనే ఎల్దుర్తి మనిషి. ఒళ్లో తువ్వాలు, తువ్వాలు కింద పిస్టల్. దాని గొట్టం లలిత వైపే ఉంది.

"సేటూ, తోళ్ల వాసన వస్తలేదేంది నీ తాన?" అన్నాడు రాజేందర్.

"నా అత్తరు ధర నీకు తెల్వదు."

"మస్తు మాట్లాడుతున్నవ్. జర ఆట గూడ గట్లనే ఆడు. సచ్చిన పావులు నా ఒళ్లె వేయుండ్రి."

ఆట మొదలైంది. మూడు ఎత్తులు పాఠం అప్పజెప్పినట్టు పడ్డాయి. నాలుగో ఎత్తులో నల్ల గుర్రం ముందరి బంటు రెండు గడులు దూకాలి. అది జయానందానికి కంఠతా వచ్చు. సరిగ్గా అప్పుడే చర్చి గంట మోగింది. ఆరాధనకు పోవలసిన వేళ ఇక్కడ కూర్చున్నానే అని ఒక్క క్షణం అనుకున్నాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. బంటు ఒక్క గడి జరిగింది.

మెదక్ అరుగుల మీద బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది. రెండు గడుల దూకుడు ఇంగ్లీషు ఆటది. పుస్తకం నాలుక మీద ఉంది, చేతిలో మాత్రం మెదక్ అరుగే ఉంది.

వేళ్లు పావును వదిలేశాయి. ఇక వెనక్కి తీసుకోరాదు. జయానందం చూపు తువ్వాలు మీదికి పోయింది. తువ్వాలు కదలలేదు. ఎల్దుర్తిలో కూడా బంటు ఒక్క గడే నడుస్తుంది మరి. రాజేందర్ కంటికి అందులో వింతేమీ కనబడలేదు.

లలితకు కనబడింది. రెప్ప కూడా వేయకుండా తన శకటును పుస్తకంలో ఉన్న గడిలోనే పెట్టింది. అక్కడ అది తినవలసిన బంటు లేదు. ఖాళీ గడిలో దిగింది.

ఆ తర్వాత జయానందం చేయగలిగింది ఒక్కటే, ఓడిపోతూ ఉండటం. ఎప్పుడో చనిపోయిన మనిషి చేసిన తప్పులన్నీ వరుసగా తానూ చేశాడు. ఎర అని తెలిసి శకటును తిన్నాడు. ఒక ఏనుగును తిన్నాడు, రెండోదాన్నీ తిన్నాడు. చావవలసిన ఆ బంటు మాత్రం బతికి అక్కడే నిలబడి ఉంది. దాన్ని తీసి పారేయలేడు, దాచలేడు. లోపల ప్రార్థన మొదలుపెట్టాడు. అదీ కంఠతా వచ్చినదే. ప్రభువు విన్నాడో లేదో.

లలిత మంత్రిని బలిచ్చింది. జయానందం గుర్రంతో తిని, దాన్ని రాజేందర్ ఒళ్లో వేశాడు. ఇక మిగిలింది ఒక్క ఎత్తు.

"ఆగుండ్రి," అన్నాడు రాజేందర్. ఒళ్లోని పావులు వేలితో కెలికాడు. "నల్ల బంట్లు మూడు సావాలె. నా తాన రెండే ఉన్నయ్."

తువ్వాలు పక్కకు పోయింది. పిస్టల్ లలిత పక్కటెముకలకు ఆనింది. ఆమె చెయ్యి శకటు మీద ఆగిపోయింది.

జయానందం రాజేందర్ కేసి చూశాడు. లెక్క కుదరక తికమకపడుతున్న ఆ ముఖం ఎప్పటినుంచో తెలిసిన ముఖంలా ఉంది. తడబడిన ప్రతి సండే స్కూల్ పిల్లవాడి ముఖం అదే.

"యాడ తప్పిందో నువ్వే చెప్పు," అన్నాడు నిదానంగా. "పదకొండో ఎత్తుల నల్లది ఏం పడాలె?"

రాజేందర్ ఖాళీ చేతి వేళ్ల మీద ఎత్తులు లెక్కపెట్టబోయాడు.

"చెప్పరాదూ. నీకు ఆట వచ్చు గద."

"ఎందుకు రాదు? రాజు ముందటి బంటు రెండు గడ్లు... తెల్లది పక్క బంటు... నల్లది దాన్ని తినాలె..."

మొదటి నుంచి అందుకున్నాడు. కంఠతా పట్టినవాడికి మరో దారి లేదు. అప్పజెబుతూ, అప్పజెబుతూ, అందరు పిల్లల్లాగే కళ్లు పైకెత్తి ఇంటి దూలం కేసి చూశాడు.

లలిత శకటు కదిలింది. "ఆటకట్టు."

జయానందం ఎడమచేత్తో ఆ శకటును లాక్కుని, కుడిచేత్తో బల్లను రాజేందర్ మీదికి ఎత్తేశాడు. తూటా దూలంలో దిగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇంద్రకరణ్ మనుషులు రాజేందర్ చేతులు విరిచికట్టేటప్పటికి కూడా అతని పెదవులు తొమ్మిదో ఎత్తు దగ్గరే ఉన్నాయి.

శకటు అడుగు తిప్పితే ఫిల్మ్ బయటికొచ్చింది. అందరూ వెళ్లి తామిద్దరే మిగిలాక జయానందం కిందపడ్డ కుర్చీ లేవనెత్తి కూలబడ్డాడు.

"ఆ బంటు వల్ల మీ ప్రాణం పోయేది, లలితగారు. అది అక్కడుంటే ఆట చెడుతదని మీకు భయం కాలేదా?"

"ఆట చెడదని తెల్సు. తెల్లపావుల ఆయన ఉరికింది రాజు మీదికి. ఒక బంటు ఉన్నా పోయినా ఆయనకు లెక్క లేదు. మీరు ఎత్తులు చదివిండ్రు, ఆయన ఎందుకు ఆడిండో చదవలే."

జయానందం తలవంచుకున్నాడు.

"ఇంకో మాట," అంది లలిత, చెదిరిన జుట్టు ముడివేసుకుంటూ. "ఆరేండ్ల కింద ట్రైనింగుల నా చేతిల ఓడిపోయి, చాయ్ తాగొస్తా అని లేసిపోయిండ్రు. 'ఓడిన' అన్న మాట ఇంకా నాకు రావాలె."

జయానందం గచ్చు మీద వెతికి నల్ల రాజును పట్టుకున్నాడు. ఆమె ముందు నిలబెట్టి, వేలితో మెల్లగా పడగొట్టాడు.

"ఓడిన, లలితగారు."

"చాయ్ మంచిగుండెనా?" అంది లలిత.