ఆరిన పొయ్యిలో కాలిన రొట్టెలు

కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. ముందు తలుపు గడియ పెట్టింది. కిటికీ దగ్గరికి వెళ్లి వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. అప్పుడు గానీ చంకలో బిడ్డలా అదిమి పట్టుకున్న తోలుసంచీని బల్ల మీద పెట్టలేదు.

మాస్టారు మంచినీళ్లు అందించారు. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరై, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక లాయరమ్మ దగ్గర సహాయకుడిగా చేరిన మనిషాయన. లాయరమ్మ నల్లకోటు వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టి పదేళ్లయింది. వయసులో తనకంటే చాలా చిన్నదే. అయినా ఆమె బుర్ర ముందు మాస్టారు ఎప్పుడూ మొదటి బెంచీ పిల్లవాడే.

"మా నాన్న ఆడిటర్. నాలుగు రోజుల కిందట ఆఫీసు మూడో అంతస్తులో మెట్ల పక్క వసారా మీంచి కింద పడి చనిపోయారు," అంది ఆమె. "బల్ల మీద ఉత్తరం దొరికింది. పన్ను కట్టమని జనం ఇచ్చిన డబ్బు తినేశానని, ఇక మొహం చూపించలేనని..." ఆమె సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. "సంతకం నాన్నదే. ఆత్మహత్యే అంటున్నారు పోలీసులు."

"మీరు నమ్మలేదు," అంది లాయరమ్మ.

"కూతురి గుడ్డిప్రేమ అనుకోండి. కానీ నిన్న ఫోనొచ్చింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్న గొంతు. 'మీ నాన్న సంచీ తెచ్చి ఆఫీసు మెట్ల మీద పెట్టి, వెనక్కి చూడకుండా పో. లేదంటే ఆ మెట్లే నీకూ దిక్కు' అన్నాడు."

"సంచీ మీ చేతికెలా వచ్చింది?"

"ఆ సాయంత్రం ఆలస్యమవుతుందని నాన్నే గుమాస్తాగారితో ఇంటికి పంపించారు. ఆయన ఆరింటికి తెచ్చిచ్చారు. ఏడింటికి కబురొచ్చింది."

లాయరమ్మ సంచీ తెరిచింది. రెండే కాగితాలు. మొదటిది ఒక బేకరీ యజమానురాలికి పన్ను ఆఫీసు పంపిన నోటీసు: ఈ ఏడాది ఫలానా తేదీల్లో మీరు ఇన్ని రొట్టెలు అమ్మినట్టు బిల్లులున్నాయి, ఆ అమ్మకాలు మీ రిటర్నులో ఎందుకు చూపలేదు? కొన్నవాళ్ల పేరు లేదు. పన్ను నంబరు మాత్రం ఉంది. రెండోది తెల్లకాగితం. ఆడిటర్ పెన్సిలుతో వేసిన లెక్క. పన్ను, వడ్డీ, జరిమానా, కింద మొత్తం, దాన్ని పన్నెండుతో భాగించిన అంకె. ఎవరి లెక్కో పేరు లేదు.

మధ్యాహ్నం ముగ్గురూ ఆఫీసుకు వెళ్లారు. మాస్టారు మలుపు మలుపుకూ ఆగి మెట్లు ఎక్కారు. గోడలకు చెమ్మ. మూడో అంతస్తు వసారాకు పిట్టగోడ నడుము ఎత్తయినా లేదు. తొంగి చూస్తే కింద సిమెంటు నేల. ఎంత కడిగినా పోని మరక ఒకటి నల్లగా కనిపించింది. ఆయన గోడకు ఆనుకుని నడిచారు.

లోపల ముగ్గురున్నారు. ఆడిటర్ అల్లుడు, అంటే ఆమె భర్త. ఇరవై ఏళ్లుగా ఉన్న గుమాస్తా. ఇంకొకాయన ఆడిటర్‌కు బాల్యస్నేహితుడు, ఫ్యాక్టరీలకు భోజనాలు సరఫరా చేసే కాంట్రాక్టర్. కూతుర్ని చూడగానే ఆయన లేచి వచ్చి తల నిమిరాడు. "తిన్నావా తల్లీ?" అని అడిగాడు. "తిన్నాను బాబాయ్," అంది ఆమె.

పిలిపించిన పోలీసు ఇన్‌స్పెక్టర్ ఉత్తరం తెచ్చాడు. లాయరమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కంప్యూటర్‌లో కొట్టి అచ్చుతీసిన నాలుగు వాక్యాలు. పైన ఎడంగా ఉన్న వరుసలు కిందికొచ్చేసరికి ఇరుక్కున్నాయి. చివరి అక్షరాలు సంతకం మీదికి ఎక్కాయి. కాగితం మీద నాలుగు మడతల గీతలు.

"మాస్టారూ, ఏం కనిపిస్తోంది?"

"చోటు చాలక ఇరికించినట్టుందమ్మా."

"సొంత బల్ల దగ్గర రాసుకునేవాడికి చోటు చాలకపోవడమేమిటి?"

గుమాస్తా కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. "ఇది పాత లెటర్‌హెడ్డండీ! ఫోను నంబరు మారిందని ఏడాది కిందటే పాతవన్నీ చించేశాను."

"ఒక్కటీ మిగల్లేదా?"

"ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడమంటే మెడ కోసి చేతికివ్వడమే అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు అయ్యగారు. అలాంటాయన జీవితంలో ఒక్కసారే పెట్టారు. రెండేళ్ల కిందట కంటి ఆపరేషన్‌కు వెళ్తూ, పనులు ఆగకూడదని మూడు కాగితాల మీద. ఒకటి నాకు, ఒకటి అల్లుడుగారికి, ఒకటి కాంట్రాక్టరుగారికి ఆయన పన్ను కేసు విచారణ కోసం."

అల్లుడు మొహం మాడ్చుకున్నాడు. "ఇప్పుడు అందరి కళ్లూ నా మీదే ఉంటాయి కదా? ఆఫీసు పెద్దది చేద్దామని మామయ్యగారితో గొడవపడిన మాట నిజమే. అంతమాత్రాన..."

"ఆ సాయంత్రం ఎక్కడున్నారు?"

"కారులో. ఒంటరిగా. సాక్షులు లేరు."

మెట్లు దిగుతూ మాస్టారు గుసగుసలాడారు. "అల్లుడేనమ్మా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకంలా ఉన్నాడు."

లాయరమ్మ నోటీసులోని చిరునామా చూసుకుంది. నేరుగా బేకరీకి దారితీసింది.

యజమానురాలు వాళ్లను వెనక గదిలోకి తీసుకెళ్లింది. ఇటుకల పొయ్యి సగం కూలి ఉంది. గోడలు పైకప్పు దాకా మసిబారాయి. "నాలుగు నెలలైందమ్మా అంటుకుని. ఆ రోజు నుంచి ఒక్క రొట్టె కాల్చలేదు. నోటీసు చూసి గుండె ఆగిపోయింది. ఆడిటర్‌గారి దగ్గరికి పరిగెత్తాను. తేదీలు రెండుసార్లు చదివారాయన. 'నీ తప్పు లేదమ్మా, ఈ నంబరు నాకు తెలుసు' అన్నారు. ఆ సాయంత్రమే పోయారు."

మాస్టారు నోటీసులోని తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టారు. అన్నీ ఈ నాలుగు నెలల్లోవే.

మర్నాడు పొద్దున లాయరమ్మ అందరినీ ఆడిటర్ గదిలో కూర్చోబెట్టింది. తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ నిలబడ్డాడు.

"ఇది ఆత్మహత్య కాదు," అంది ఆమె. "ఆ ఉత్తరంలో సంతకం ముందు పుట్టింది, మాటలు తర్వాత. పైగా తన బల్ల మీద వదిలి వెళ్లే కాగితాన్ని ఎవరూ నాలుగు మడతలు పెట్టరు. అది ఎవరి జేబులోనో వచ్చింది. అంటే వచ్చినవాడు చంపాలనే వచ్చాడు."

ఇన్‌స్పెక్టర్ ఫైలులోని ఉత్తరం తీసి మడతలు మళ్లీ చూశాడు.

"ఇక బెదిరింపు ఫోను. గుమాస్తాగారు ఆ సంచీని స్వయంగా మోశారు. కాగితం కావాలంటే దారిలోనే తీసుకునేవారు. అల్లుడుగారి ఇంట్లోనే అది మూడు రోజులుంది. ఆయనకు ఫోనెందుకు? సంచీ కోసం బెదిరించాల్సిన అవసరం ఆ ఇంటి బయటివాడికే ఉంటుంది."

కాంట్రాక్టర్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "నన్నంటున్నావా అమ్మా? నా కాగితం రెండేళ్ల కిందటే విచారణలో ఇచ్చేశాను."

"గుమాస్తాగారూ, ఆనాటి రిజిస్టరు చదవండి."

గుమాస్తా వేలితో వరుస వెతికి చదివాడు. "విచారణ వాయిదా. మరుసటి నెల... అయ్యగారు స్వయంగా హాజరు." ఆయన తలెత్తాడు. "మీ కాగితం అవసరమే పడలేదు బాబూ."

"నోటీసులోని నంబరు ఎవరిదో పన్ను ఆఫీసువాళ్లు పొద్దున ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పారు," అంది లాయరమ్మ. "మీదే. లాభం తక్కువ చూపించడానికి, కొనని రొట్టెలు కొన్నట్టు బేకరీ పేరుతో దొంగబిల్లులు రాశారు. ఆ పొయ్యి కాలిపోయిందని మీకు తెలియదు. ఆడిటర్‌గారికి తెలిసింది. ఫోన్ చేశారు. మీరు వచ్చి, ఆయన చూడకుండా ఉత్తరం బల్ల మీద పెట్టారు. అలవాటు ప్రకారం ఆయన మిమ్మల్ని వసారా దాకా సాగనంపారు."

"బాబాయ్..." కూతురు లేచి నిలబడింది. "నిన్న నా తల నిమిరింది ఈ చేత్తోనేనా?"

కాంట్రాక్టర్ ఆ చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. "పట్టిస్తాడనుకున్నాను. వాడు నిజం తప్ప మాట్లాడడు. కాంట్రాక్టులు పోతాయి, జైలు తప్పదు, ముగ్గురు పిల్లలు రోడ్డున పడతారు... ఫోన్‌లో 'రా, మాట్లాడదాం' అన్నాడంతే. వచ్చాక వాడి మాట విననే లేదు. వింటే చెయ్యి రాదని భయం."

లాయరమ్మ పెన్సిలు లెక్క ఉన్న కాగితం ఆయన చేతిలో పెట్టింది. "ఆయన చెప్పాలనుకున్నది ఇది. తప్పు ఒప్పుకుని, రిటర్ను సరిదిద్ది మళ్లీ దాఖలు చేస్తే మీరు కట్టాల్సింది. వడ్డీ, జరిమానా కలిపి, పన్నెండు వాయిదాల్లో."

కాంట్రాక్టర్ అంకెల మీద వేలు పెట్టి కిందికి దిగాడు. మొత్తం దగ్గర ఆగి, మళ్లీ పైకి వెళ్లి మొదట్నుంచి కూడాడు.

"ఇంతేనా?" అన్నాడు. "ఒక్క వ్యాను అమ్మితే తీరిపోయేది."

ఆయన మూడోసారి కూడడం మొదలుపెట్టాడు. ఆ పెదాల కదలికను ఇక చూడలేక మాస్టారు మొహం తిప్పుకున్నారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ వేళ్ల మధ్య నుంచి కాగితాన్ని మెల్లగా లాక్కోవాల్సి వచ్చింది.