బానెట్ మీద ప్రార్థన

శనివారం పొద్దున బట్టలు మెషీన్లో వేసే ముందు జేబులు వెతకడం సుకుమారికి అలవాటు. వెస్లీ జేబుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది. నలిగిన టిష్యూ, కరక్ చాయ్ కొట్టు చీటీ, చుట్టచుట్టిన వైరు ముక్క. ఆ రోజు, ముందునాడు శుక్రవారం ఆరాధనకు వేసుకెళ్ళిన తెల్లచొక్కా జేబులో గట్టిగా ఏదో తగిలింది. తీసి చూసింది. అగ్గిపెట్టెలో సగం ఉంటుందేమో, చిన్న నల్లటి ప్లాస్టిక్ ముక్క. కింద నాలుగు ఇత్తడి కాళ్ళు.

అదేంటో ఆమెకు తెలుసు. తెలియకపోయి ఉంటే ఆ పూట హాయిగా గడిచేది.

మంగళవారం నాడు, షెడ్లూ వర్క్‌షాపులూ ఉండే సనయ్యాలో గ్యారేజీ నడిపే ముజఫ్ఫర్ అలీ ఇలాంటి ముక్కనే అరచేతిలో పెట్టి చూపించాడు. కడప మనిషి, తెలుగు బాగా మాట్లాడతాడు. "దీన్ని రిలే అంటారు మేడమ్. పెట్రోలు పంపుకి కరెంటిచ్చేది ఇదే. ఇది లేకుంటే సెల్ఫ్ తిరుగుతాది గానీ ఇంజను అందుకోదు. పాతదాని కాళ్ళు అరిగిపోయినాయి చూడండి. ఎవరో పెట్టడం, పీకడం, ఇదే పనిగా చేసినట్టుండారే?" అన్నాడు. "నేనే, చెక్ చేద్దామని తీశాను" అన్నాడు వెస్లీ. ఆయన చెక్ చేయడంలో వింతేమీ కనిపించలేదు సుకుమారికి. కొత్త రిలే వేయించుకుని అల్ వుకైర్‌లోని ఫ్లాటుకు వచ్చేశారు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వాషింగ్ మెషీన్ పట్టించింది.

బండి ముసలిదే. పదిహేనేళ్ళ నాడు పుట్టింది. ఊరికి వెళ్ళిపోతున్న ఒక కేరళ టీచరమ్మ దగ్గర చౌకగా వచ్చింది. అద్దం దిగదు, వైపరు కీచుమంటుంది, హారన్ తనకు బుద్ధి పుడితే మోగుతుంది. స్టేడియం కట్టిన కంపెనీలో సేఫ్టీ ఆఫీసరుగా చేసే వెస్లీ, ఆ పని పూర్తవగానే మే నెలలో ఖాళీ అయ్యాడు. ఊరంతా ప్రపంచకప్పుకు జెండాలు కడుతుంటే, స్టేడియం కట్టినవాళ్ళు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకుంటున్నారు. పనిలేని ఆ మూడు నెలలూ ఆయన బండి పని పట్టాడు. అద్దం దించాడు, వైపరు మార్చాడు, డోరు రబ్బరు అతికించాడు. పొద్దున్నే సుకుమారిని క్లినిక్ దగ్గర దింపి, సాయంత్రం తెచ్చుకునేవాడు. ఆ మెప్పు ఆయనకు దక్కాల్సిందే.

ఆ క్లినిక్ కూడా సైటుదే. నెలాఖరుకు మూసేస్తున్నారు. అదృష్టం బాగుండి సుకుమారికి హోమ్ కేర్ నర్సు ఉద్యోగం దొరికింది. పేషెంట్ల ఇళ్ళకు స్వయంగా నడుపుకుంటూ వెళ్ళాలి. ఆదివారం ఏడింటికి లైసెన్సు, బండి, కొత్త తేదీ వేసిన ఇస్తిమారా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డుతో హాజరు కాకపోతే ఆ పోస్టు ఇంకొకరిది. అప్పుడు ఇద్దరూ ఊరికి విమానం ఎక్కడమే. ఇస్తిమారా కావాలంటే ముందు బండి ఇన్‌స్పెక్షన్ పాసవ్వాలి. అది ఈ శనివారం పన్నెండు లోపే.

రివర్స్ పార్కింగులో రెండుసార్లు తప్పి మూడోసారి లైసెన్సు తెచ్చుకుందామె. చిత్రమేమిటంటే ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుంటే బండి స్టార్టయ్యేది కాదు. వెస్లీ పది నిమిషాలు బానెట్లో తల దూర్చి వస్తే గుర్రంలా పరిగెత్తేది. "దీనికి నా చెయ్యి అలవాటు" అనేవాడు. ఆమె నమ్మింది. పెళ్ళయి పన్నెండేళ్ళు, నమ్మక ఏం చేస్తుంది?

రిలే పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. వెస్లీ స్టూలు మీద కూర్చుని టీలో రస్కు ముంచుతున్నాడు.

"ఏవండీ, ఇదేంటి?"

ఆయన తలెత్తి చూసి, మళ్ళీ టీ వైపు చూశాడు. "ఏదో స్పేరు."

"ముజఫ్ఫర్ అలీ ఒక్కటే తెచ్చాడు. దాన్ని నా కళ్ళముందే బండిలో పెట్టాడు. అది మీ జేబులోకి నడుచుకుంటూ వచ్చిందా?"

రస్కు విరిగి టీలో మునిగిపోయింది. వెస్లీ దాన్ని తీయడానికి చెంచా కూడా వెతకలేదు.

"నిన్న జక్కయ్య గారు ప్రార్థన చేసేటప్పుడు ఇది మీ దగ్గరే ఉందా?"

"ఊఁ."

కొత్తదైనా పాతదైనా ప్రార్థన చేయించకుండా బండి చేతికి తీసుకోవడం వాళ్ళ సంఘంలో లేదు. నిన్న ఆరాధన అయ్యాక పది కుటుంబాలు వీళ్ళ ఫ్లాటుకు వచ్చి కింద పార్కింగులో నిలబడ్డాయి. సంఘ పెద్ద జక్కయ్య గారు కాలిపోతున్న బానెట్ మీద చేతిరుమాలు పరిచి, దాని మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ రాకపోకలను కాపాడమని కన్నీళ్ళతో వేడుకున్నారు. ఆ తర్వాత సుకుమారి తాళం తిప్పింది. సెల్ఫ్ తిరిగింది, తిరిగింది, ఇంజన్ అందుకోలేదు. ఎవరో దగ్గారు. ఎవరో పిల్లల్ని పిలుచుకుని జారుకున్నారు. ఆమె బండికి తాళం వేసి, తాళంచెవి గుప్పెట్లో పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా పైకి వచ్చేసింది.

"ఆమేన్ అన్నారు కదండీ మీరు. అందరికంటే గట్టిగా అన్నారు."

"అన్నాను."

"నన్ను పదిమందిలో నవ్వులపాలు చేశారు. పోనీ నన్ను వదిలేయండి, దేవుణ్ణి కూడానా? ఈ ఉద్యోగం పోతే ఏమవుతుందో తెలుసా మీకు?"

"తెలుసు. ఇద్దరం ఇంటికి పోతాం." వెస్లీ టీ కప్పు పక్కకు నెట్టాడు. "ఇద్దరం కలిసే పోతాం కదా అనుకున్నాను."

"ఛీ!" అంది సుకుమారి. పన్నెండేళ్ళలో భర్తను ఆ మాట అనడం అదే మొదలు.

"అను. పోయిన వారం ఆరాధనలో సాక్ష్యం చెప్తూ ఏమన్నావో గుర్తుందా? 'బండి నా చేతికొస్తే మా వారికి నా డ్యూటీ తప్పుతుంది, దేవునికి స్తోత్రం' అన్నావు. అందరూ స్తోత్రం అన్నారు. నాకున్న డ్యూటీ అదొక్కటే కదా సుకుమారీ! పొద్దున్నే స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, నిన్ను దింపితే నేనూ ఏదో పని మీద బయటికెళ్ళిన మనిషిలా ఉండేది. అదీ తీసేస్తే ఈ నాలుగు గోడల మధ్య నేనెవర్ని?"

"మరి నాకు చెప్పాలి కదండీ ఆ మాట!"

"ఏమని చెప్పను? నన్ను డ్రైవర్‌గా ఉంచుకోమని పెళ్ళాన్ని అడగనా?"

జాలి రాలేదు ఆమెకు. వచ్చి ఉంటే బాగుండేదని తర్వాత అనుకుంది గానీ, అప్పుడు మాత్రం ఒళ్ళంతా మండుతూనే ఉంది. తాళంచెవి తీసుకుని మెట్లు దిగింది. బానెట్ ఎత్తి, మంగళవారం ముజఫ్ఫర్ అలీ తెరిచి చూపిన నల్లపెట్టె మూత తీసి, ఖాళీ గుంటలో రిలే నొక్కింది. టక్కుమంది. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఇంత తేలికని తెలిసేసరికి ఇంకా కోపమొచ్చింది.

వెస్లీ స్లిప్పర్లతోనే పరిగెత్తుకొచ్చి పక్కసీట్లో కూర్చున్నాడు. దిగమని అనలేదామె.

ఇన్‌స్పెక్షన్లో బ్రేకులు పాసయ్యాయి, పొగ పాసయింది. చివర్లో తనిఖీ చేసే అబ్బాయి బండి వెనక్కి వెళ్ళి తల అడ్డంగా ఊపాడు. "నంబర్ ప్లేట్ లైట్ మాఫీ, లైటు లేదు. బల్బు వేసుకుని మళ్ళీ రండి." పదకొండూ ఇరవై అయింది.

సుకుమారి భర్త వైపు తిరిగింది. "ఇదీ మీ పనేనా?"

వెస్లీ ముఖం పాలిపోయింది. "కాదు. ఇది నేను కాదు."

ఆమె తల తిప్పేసుకుంది. ఆయన దిగి, ఆగస్టు ఎండలో రోడ్డు దాటి, అవతల స్పేర్ పార్టుల కొట్టు వైపు పరిగెత్తాడు. ఒక స్లిప్పరు దారిలో ఊడిపోయింది, ఆగలేదు. బల్బుతో తిరిగొచ్చి, కాలే నేల మీద మోకాళ్ళూని, స్క్రూ విప్పాడు. రేకు తగిలి వేలు చురుక్కుమంది. లైటు వెలిగింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా, "ఖలాస్, అయిపోయింది, పాస్" అన్నాడు ఆ అబ్బాయి. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. ఇస్తిమారా కూడా ఫోన్లోనే రెన్యూ అయిపోయింది.

"అది మాత్రం నేను కాదు సుకుమారీ" అన్నాడు ఇంటికి వచ్చే దారిలో.

కాదని ఆమెకు తెలుసు. నమ్ముతున్నానన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆయన తన మీద తనే తెచ్చుకున్న శిక్ష అది. నిజం చెప్పినా నిరూపించుకోవాల్సిన బతుకు.

ఆదివారం ఆరింటికి ఆమె కిందికి దిగేసరికి బండి స్టార్ట్ చేసి ఉంది. అద్దాల మీద దుమ్ము తుడిచి ఉంది. లోపల ఏసీ చల్లగా పట్టింది. వెస్లీ పక్కనే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, బెల్టు, బూట్లు. వేలికి బ్యాండేజీ.

"సీటు చల్లబడింది. కూర్చో" అని పక్కకు తప్పుకున్నాడు.

సుకుమారి కూర్చుని గేరు వేసింది. పార్కింగు దాటుతూ అద్దంలో చూసింది. ముస్తాబై, ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేని మనిషి చేతిలో తడిగుడ్డతో నిలబడి ఉన్నాడు. మూడు నెలలుగా ఆయన పక్కన కూర్చునే వెళ్ళింది. ఒక్కనాడైనా ఆ ఇస్త్రీ చొక్కా ఎందుకని అడిగిందా? బ్రేకు తొక్కి, రెండుసార్లు తప్పిన ఆ రివర్స్ గేరే వేసి, వంకర లేకుండా ఆయన ముందుకు వచ్చి ఆగింది. ఆయన బాగుచేసిన అద్దం సాఫీగా దిగింది.

"ఎక్కండి. మొదటి రోజు కదా, నాకు దారి సరిగా తెలీదు."

వెస్లీ వంగి ఆమె ముఖంలోకి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అబద్ధం చెప్పకు. నీకు దారి తెలుసు. ఈ ఇంట్లో అబద్ధాలు నేను ఆడినవి చాలు."

"అది కాదండీ..."

"లేటవుతుంది. వెళ్ళు."

"జక్కయ్య గారికి ఏం చెప్దాం?"

"నేనే చెప్తాను. ఇవాళే, వాళ్ళింటికెళ్ళి."

ఆమె చెయ్యి బయటపెట్టి, బ్యాండేజీ ఉన్న ఆ వేలిని ఒక్క క్షణం పట్టుకుంది. క్షమించానని అనలేదు, ఆయనా అడగలేదు. తర్వాత బండి కదిలింది. మొదటి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాలేదు.