పక్క సమాధి

"చనిపోయినోళ్లకు కొవ్వొత్తి వెలిగించమని వాక్యంలో యాడుండాది?"

నిరుడు సమాధుల పండుగనాడు, చిత్తూరు క్రైస్తవ శ్మశానం గేటు దగ్గర కరపత్రాలు పంచుతూ రూపేష్ మహితను మొట్టమొదట అడిగిన మాట ఇది. ఆమె చేతిలో చామంతులు, రెండు కొవ్వొత్తులు.

"లాజరు సమాధి కాడ యేసు ఏడ్చినాడని ఉండాదే, అది అచ్చెయ్యలేదేం?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

రూపేష్‌కు ఎలాగైనా నెగ్గాలనిపించింది. ఆమె చర్చివాళ్లను బతిమాలి నంబరు తీసుకుని బైబిలు వచనాలు పంపాడు. ఆమె కూడా వచనాలతోనే బదులిచ్చింది. నాలుగు నెలలయ్యేసరికి వచనాల మధ్య "తిన్నావా?" కూడా చేరింది.

పెళ్లికి రెండిళ్లలోనూ ఒప్పుకున్నారు. మహిత ఒక్కటే అడిగింది.

"ఏటా సమాధుల పండగనాడు మా అమ్మ సమాధి కాడికి నాతో రావల్ల. కాదంటే ఈ పెండ్లి వద్దు."

రూపేష్ రానన్నాడు. అది మనుషులు పెట్టుకున్న ఆచారమేగానీ లేఖనం కాదని అతను ప్రార్థనకు వెళ్లే సహవాసం నమ్మకం. తొమ్మిదేళ్ల కిందట నాయనను ఆ శ్మశానంలోనే పూడ్చాక మళ్లీ లోపల అడుగు పెట్టలేదు. అమ్మ దేవకమ్మనూ పోనివ్వలేదు. నిజానికి ఆ మట్టి ముందు నిలబడే ధైర్యం అతనికి లేదు.

ఈ ఏడూ కరపత్రాలతో గేటు దగ్గరే నిలబడ్డాడు, పక్కన అమ్మ. మహిత అతనివైపు చూడకుండా వెళ్లింది. చేతిలో మళ్లీ రెండు కొవ్వొత్తులు. వాళ్లమ్మకు ఒకటి చాలదా, రెండోది ఎవరికి? వద్దనుకుంటూనే వెనకాలే నడిచాడు.

రెండోది ఆమె పక్క సమాధి మీద వెలిగించింది. రాతి మీద పేరు మునిరామయ్య. అతని నాయన.

"మూడేండ్లుగా పెడతాండా. ఎవురూ రారు, పక్కన సీకటిగా ఉంటే బాగుండదని. మొన్న మీ ఇంట్లో ఫోటో కింద పేరు సూసినాకే తెలిసింది."

"చెప్పలేదేం?"

"చెప్పుంటే, నీ మీద గెలిచేదానికి మీ నాయనను వాడుకున్నట్టయితాది."

రూపేష్ కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. తొమ్మిదేళ్లు ఆపుకున్న ఏడుపు అది. మహిత ఏ వచనమూ చెప్పలేదు, పక్కన కూర్చుంది.

ముసుగు సర్దుకుంటూ దేవకమ్మ వచ్చింది.

"నేనూ వాక్యం సదివినా నాయనా. ఏడవొద్దని యాడా లేదు. మీ నాయన యాడుండాడో సూపీ."

రూపేష్ చూపించాడు. దేవకమ్మ రాతి మీది పేరును వేళ్లతో తడిమింది. తర్వాత మహిత తల నిమురుతూ అంది.

"వచ్చే ఏడు ముగ్గురం కలిసొద్దాం అమ్మా."

గాలి లేచింది. రూపేష్ కరపత్రాల కట్టను దీపానికి అడ్డం పెట్టాడు.